నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడినవారు ఆ తర్వాత ఎలా బతికారు? ఎవరి కోసం బతికారు?

ప్రశ్న: సోషల్ టీచరు, సత్యనారాయణపురం, విజయవాడ

తొమ్మిదో తరగతికి నాజీజం పాఠం చెప్పిన ప్రతిసారీ ఒకచోట నాకు మాట ఆగిపోతుంది. హిట్లర్ అధికారంలోకి ఎలా వచ్చాడో, 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వాన్ని ఎలా లాగేసుకున్నాయో, 60 లక్షల మందిని ఎలా పొట్టన పెట్టుకున్నారో చెప్పగలను. యుద్ధం ముగిసేసరికి పాఠమూ అయిపోతుంది. ప్రాణాలతో మిగిలినవాళ్ల సంగతి ఏమిటన్నది ఎక్కడా ఉండదు.

ఈ ఏడాది ఒక అమ్మాయి లేచి నిలబడి, "ఇంట్లో అందరూ పోయాక ఆ మనిషి ఎవరి కోసం బతికింది టీచర్?" అని అడిగింది. కరోనా రెండో విడతలో తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఆమె. అందుకే ఏదో ఒకటి చెప్పి దాటవేయడానికి నాకు మనసొప్పలేదు. రేపు చెబుతానని కూర్చోబెట్టాను. కాలమే అన్నీ మాన్పుతుందని, కష్టాలే మనిషిని గట్టిపరుస్తాయని పెద్దలు అనే మాటలు ఆ పిల్ల ఇప్పటికే వందసార్లు విని ఉంటుంది.

కాబట్టి ఈ విషయం చదివినవారిని, ఆలోచించినవారిని అడుగుతున్నాను. శిబిరం తలుపులు తెరుచుకున్న మర్నాటి నుంచి వాళ్లు అసలు ఏం చేశారు? బతుకు మీద ఆశ వాళ్లకు తిరిగి ఎక్కడి నుంచి వచ్చింది? అది అందరికీ వచ్చిందా? పద్నాలుగేళ్ల పిల్లలకు అబద్ధం లేకుండా చెప్పదగిన సమాధానం కావాలి.

సమాధానం: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు

టీచరు గారికి నమస్కారం. చరిత్ర పుస్తకాలు సాధారణంగా వదిలేసే చోటునే మీ విద్యార్థిని పట్టుకుంది. ఆమెకు నా ఆశీస్సులు చెప్పండి.

విముక్తి అనగానే మన కళ్లకు జెండాలు, పూలదండలు కనిపిస్తాయి. వాళ్లు చూసింది అది కాదు. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం బెర్గెన్-బెల్సెన్ శిబిరంలోకి వచ్చేసరికి అక్కడ సుమారు 60,000 మంది ఉన్నారు. వాళ్లలో 13,000 మందికి పైగా ఆ తర్వాతి వారాల్లోనే చనిపోయారు, ఎందుకంటే టైఫస్ జ్వరం అప్పటికే అందరినీ చుట్టుముట్టింది, చిక్కి శల్యమైన దేహాలు అన్నం పెట్టినా అరిగించుకోలేని స్థితికి చేరుకున్నాయి. లేచి నడవగలిగినవాళ్లు ముందుగా చేసిన పని తమవాళ్ల కోసం వెతకడం. గోడల మీద పేర్లు రాసి అంటించారు, రైళ్లెక్కి ఊరూరా తిరిగారు, ఎదురుపడిన ప్రతివారినీ ఏ ఊరు, ఏ శిబిరం అని అడిగారు. అమెరికా సైన్యంతో వచ్చిన అబ్రహాం క్లౌస్నర్ అనే రబ్బీ, అంటే యూదు మతగురువు, బతికున్నవారి పేర్లన్నీ సేకరించి ఆ వేసవిలోనే సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఆ పేజీల్లో కథలు లేవు, పేర్లూ ఊళ్లూ మాత్రమే ఉన్నాయి. అయినా వాటిని జనం వేలితో ఒక్కొక్క వరుసా తడుముతూ చదివారు.

ఇంటికి పోదామంటే చాలామందికి ఇల్లు లేదు. పోలండ్‌లో వాళ్ల ఇళ్లలో వేరేవాళ్లు కాపురం ఉంటున్నారు. 1946 జూలై 4న కియెల్చే పట్టణంలో, అంటే నాజీలు ఓడిపోయి ఏడాది దాటాక, తిరిగి వచ్చిన యూదుల మీద మూక దాడి జరిగి 42 మంది చనిపోయారు. ఆ దెబ్బతో వేలాది మంది పోలండ్‌ను వదిలిపెట్టారు. మిత్రరాజ్యాల ఆధీనంలోని జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీలలో నిర్వాసితుల శిబిరాలు నిండిపోయాయి. మొత్తం మీద దాదాపు రెండున్నర లక్షల మంది యూదులు ఆ శిబిరాల్లో ఏళ్ల తరబడి గడిపారు. తమను చంపజూసిన దేశపు గడ్డ మీదే, ఎవరు రానిస్తారా అని వీసాల కోసం ఎదురుచూస్తూ ఉండవలసి వచ్చింది. వాటిలో చివరిదైన ఫ్యోరెన్‌వాల్డ్ 1957లో గాని మూతపడలేదు.

మీ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఆ శిబిరాల్లోనే ఉంది. అక్కడ ఏదీ స్థిరం కాదని తెలిసి కూడా వాళ్లు బడులు పెట్టారు, తమ ఇంటి భాష యిద్దిష్‌లో పత్రికలు నడిపారు, నాటకాలు ఆడారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. బెల్సెన్ పక్కనే సైనిక బారకాసుల్లో ఏర్పడిన నిర్వాసితుల శిబిరంలో 1950 లోపు 2,000 మందికి పైగా పిల్లలు పుట్టారు. అక్కడ ఒక వధువు తెల్లని పెళ్లి గౌను కావాలని పట్టుబడితే, వరుడు కాఫీ గింజలూ సిగరెట్లూ ఇచ్చి ఒక జర్మన్ పైలట్ దగ్గర పాత పారాచూట్ కొన్నాడు. శిబిరంలోని దర్జీ ఒకామె ఆ గుడ్డను గౌనుగా కుట్టి, మిగిలిన ముక్కతో వరుడికి చొక్కా కుట్టింది. ఆ గౌనును ఆ తర్వాత మరికొందరు వధువులు అడిగి తీసుకుని కట్టుకున్నారు. ఇప్పుడది బెర్గెన్-బెల్సెన్ స్మారక ప్రదర్శనశాలలో ఉంది.

ఆ పెళ్లిళ్లన్నీ ప్రేమతో జరిగినవని పిల్లలకు చెప్పకండి. ఒంటరితనాన్ని భరించలేక, పరిచయమైన కొద్ది వారాల్లోనే ఒకటైన జంటలు ఎన్నో ఉన్నాయి. అయినా వాళ్లు ఆశ పుట్టేదాకా ఆగి, ఆ తర్వాత పని మొదలుపెట్టలేదు. గౌను కుట్టారు, ఉయ్యాల సంపాదించారు, బిడ్డకు పేరు పెట్టారు. ఆశ అన్నది ఎప్పుడైనా వచ్చి ఉంటే ఆ పనుల వెనకే వచ్చింది.

పేర్ల గురించి ఒక్కమాట. మనం తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే, తూర్పు ఐరోపా యూదులకు కూడా చనిపోయిన బంధువుల పేర్లు పిల్లలకు పెట్టే ఆచారం ఉంది. కాని ఇక్కడ ఇద్దరు బిడ్డల తల్లికి పేరు నిలపవలసిన మనుషులు ముప్పై మంది ఉండేవారు. ఎవరి పేరు పెట్టాలి, ఎవరి పేరు వదిలేయాలి అన్నది ఆ ఇళ్లలో పెద్ద దుఃఖం. ఎవరి కోసం బతికారని మీ విద్యార్థిని అడిగిన దానికి, చాలా ఇళ్లలో సమాధానం ఆ ఉయ్యాలలో ఉంది.

సమాధానం: గ్రంథాలయ ఉద్యోగిని, గవర్నర్‌పేట, విజయవాడ

మాస్టారు చెప్పినదానికి నాది చేర్పు. అందరికీ పిల్లలు కలగలేదు, అందరూ మళ్లీ కాపురాలు పెట్టుకోలేదు. అలాంటివారిలో రాహెల్ అవుర్‌బాఖ్ అనే ఆమె గురించి టీచరు గారు తెలుసుకోవాలి.

పోలండ్ రాజధాని వార్సాలో నాజీలు యూదులను బంధించి ఉంచిన పేటలో, అంటే గెట్టోలో, ఆమె పేదలకు గంజి పోసే వంటశాల నడిపేది. ఇమ్మానుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు అదే గెట్టోలో రహస్యంగా ఒక బృందాన్ని కూడగట్టాడు. సుమారు 60 మంది కలిసి గెట్టో జీవితాన్ని కాగితం మీద పెట్టారు. ధరల పట్టీలు, బడిపిల్లల వ్యాసాలు, మిఠాయి చుట్టే కాగితాలు, ట్రాము టికెట్లు, చావుల లెక్కలు, ఏదీ చిన్నదని వదలలేదు. 1942లో గెట్టో జనాన్ని చంపడానికి ట్రెబ్లింకా శిబిరానికి తరలించడం మొదలైనప్పుడు వాటిని పది రేకు పెట్టెల్లో పెట్టి, ఒక బడి భవనం కింద నేలమాళిగలో పాతిపెట్టారు. మరి కొన్నింటిని ఆ తర్వాత రెండు పాల క్యాన్లలో దాచారు. రింగెల్‌బ్లూమ్‌ను 1944 మార్చిలో చంపేశారు. ఆ బృందంలో యుద్ధం దాటి మిగిలింది ముగ్గురే. వాళ్లలో రాహెల్ ఒకరు.

గెట్టో ఉన్న ప్రాంతమంతా ఇటుకల దిబ్బగా మారిపోయింది. ఇళ్లు లేని ఆ ఊళ్లో కాగితాల కోసం తవ్వడమేమిటని అందరూ అనుకునే రోజుల్లో, ఆ దిబ్బల కింద మన జాతి చరిత్ర ఉంది, తవ్వి తీయండి అని ఆమె సభల్లో నిలబడి పట్టుబట్టింది. 1946 సెప్టెంబరులో రేకు పెట్టెలు బయటపడ్డాయి. వాటిలోకి నీరు దిగి కాగితాలు బూజు పట్టి అట్టల్లా అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్క కాగితాన్నీ విడదీసి ఆరబెట్టవలసి వచ్చింది. పాత దస్త్రాలతో రోజూ పనిచేసేదాన్ని కాబట్టి, తడిసిన కట్టను చిరగకుండా విప్పడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. పాల క్యాన్లు 1950 డిసెంబరులో దొరికాయి. వాటిలోని కాగితాలు మెరుగ్గా ఉన్నాయి.

ఆమె 1950లో ఇజ్రాయెల్ వెళ్లింది. జెరూసలేంలోని యాద్ వషేమ్ సంస్థలో, బతికి బయటపడినవారి వాంగ్మూలాలు సేకరించే విభాగాన్ని నడిపింది. 1961లో యూదుల తరలింపును నడిపిన నాజీ అధికారి ఐక్‌మన్ విచారణ అక్కడ జరిగినప్పుడు సాక్షుల ఎంపికలో ఆమె శ్రమ ఎంతో ఉంది. అప్పటిదాకా తమ ఇంటి పిల్లలకు కూడా చెప్పనివాళ్లు, ఆ విచారణలో వంద మందికి పైగా నిలబడి చెప్పడం విన్నాక నోరు విప్పసాగారు. అంటే యుద్ధం ముగిసిన పదహారేళ్లకు. దుఃఖంలో ఉన్న పిల్లను ఇప్పుడే మాట్లాడమని, ఇప్పుడే కోలుకోమని తొందరపెట్టేవారికి ఈ పదహారేళ్ల సంగతి చెప్పండి.

తన గురించి కాక, చనిపోయినవారి గురించి రాయడమే రాహెల్‌కు బతుకు అయింది. వంటశాలలో గంజి కోసం వరుసలో నిలబడినవాళ్లెవరో, ఏ పని చేసేవారో, ఎలా మాట్లాడేవారో ఆమె పేరుపేరునా రాసి పెట్టింది. దాన్ని ఆశ అనవచ్చో లేదో నాకు తెలియదు. ఆమె చేతిలో పని మాత్రం చివరిదాకా ఉంది.

సమాధానం: మానసిక ఆరోగ్య సలహాదారు, గుంటూరు

టీచరు గారూ, ఈ ప్రశ్న అడిగిన అమ్మాయిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఈ విషయం మాట్లాడేటప్పుడు వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ పేరు తప్పక వస్తుంది. ఏదో ఒక అర్థం కనిపిస్తే మనిషి దేన్నైనా తట్టుకోగలడని ఆయన శిబిరంలో నేర్చుకున్నట్టు చాలామంది చెబుతారు. జరిగింది వేరు. యుద్ధానికి చాలా ముందే, 1928 నుంచే, వియన్నాలో విద్యార్థుల ఆత్మహత్యలను ఆపాలని ఆయన యువతకు ఉచిత సలహా కేంద్రాలు ఏర్పాటు చేశాడు. మార్కుల కార్డులు ఇచ్చే రోజుల్లో ఆ కేంద్రాలు మరింత శ్రద్ధగా పనిచేసేలా చూశాడు. విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఫలితాల వారం ఎలా గడుస్తుందో తెలిసిన మనకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. ఆయన ఆలోచన శిబిరంలో పుట్టలేదు, అక్కడ పరీక్షకు నిలబడింది. హింస అనేది ఎవరికీ గురువు కాదని పిల్లలకు తెలియాలి కాబట్టి ఈ తేడా చెబుతున్నాను.

1944 అక్టోబరులో బందీగా ఆష్విట్జ్ శిబిరానికి చేరినప్పుడు, కోటు లోపల కుట్టుకుని దాచుకున్న తన పుస్తకం రాతప్రతిని ఆయన పోగొట్టుకున్నాడు. తర్వాత మరో శిబిరంలో టైఫస్ జ్వరంతో పడి ఉండి, దొరికిన చిత్తు కాగితాల మీద ఆ పుస్తకాన్నే మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు. విడుదలై వియన్నా చేరాక, భార్య బెర్గెన్-బెల్సెన్‌లో చనిపోయిందని, తల్లినీ అన్ననూ కూడా చంపేశారని తెలిసింది. ఎవరిని చూడాలని ఆ చలిలో ప్రాణం నిలుపుకున్నాడో ఆ మనిషి లేదు. 1946లో ఒక ఆసుపత్రిలో నరాల వైద్య విభాగానికి అధిపతిగా చేరి, పాతికేళ్లు రోగులను చూశాడు.

ఇది ఒక మనిషి కథ. అందరి సంగతి తెలియాలంటే ఆరన్ ఆంటొనొవ్‌స్కీ అనే సమాజ శాస్త్రవేత్త ఇజ్రాయెల్‌లో చేసిన పరిశీలన చూడాలి. మధ్య ఐరోపాలో పుట్టిన మహిళల్లో, శిబిరాలకు వెళ్లనివారిలో 51 శాతం మంది మానసికంగా ఆరోగ్యంగా ఉంటే, శిబిరాల నుంచి బయటపడినవారిలో 29 శాతం మంది అలా ఉన్నారు. ఈ అంకెను రెండు వైపుల నుంచీ చదవాలి. పాతికేళ్లు గడిచినా ఎక్కువమందికి గాయం మానలేదన్నది ఒకటి. అంత జరిగాక కూడా పదిమందిలో దాదాపు ముగ్గురు ఎలా నిలబడ్డారన్నది రెండోది. ఆయన ఆ రెండో ప్రశ్నను పట్టుకుని మిగిలిన జీవితమంతా పనిచేశాడు. చుట్టూ జరుగుతున్నది కొంతైనా బోధపడటం, దాన్ని ఎదుర్కోవడానికి తనకు ఏదో ఒక ఆసరా ఉందనిపించడం, ఎదుర్కోవడానికి తగిన కారణం కనిపించడం, ఈ మూడూ ఉన్నవారు ఎక్కువగా తట్టుకుంటారని ఆయన తేల్చాడు. ఆసరా అంటే మనిషి, ఊరు, డబ్బు, నమ్మకం ఏదైనా కావచ్చు.

తట్టుకోలేకపోయినవారు బలహీనులన్న మాట తరగతి గదిలో పొరపాటున కూడా రాకూడదు. నష్టపరిహారం కోసం వచ్చినవారిని పరీక్షించిన విలియం నీడర్‌లాండ్ అనే వైద్యుడు, ఏళ్ల తర్వాత కూడా వాళ్లను పీడకలలు, నిద్రలేమి, తాము మాత్రమే మిగిలామన్న అపరాధ భావం వెంటాడటం చూసి, 1960లలో దానికి ఒక వ్యాధి లక్షణ సముదాయంగా గుర్తింపు తెచ్చాడు. అంతకు ముందు, పరిహారం ఇవ్వవలసిన పశ్చిమ జర్మనీ ప్రభుత్వం తరఫు వైద్యులు చాలామంది, ఈ బాధకూ శిబిరానికీ సంబంధం లేదని రాసి పంపేవారు.

ఇంకొక విన్నపం. "వాళ్లు అంత భరించారు, నీదెంత?" అని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పకుండా చూడండి. ఒకరి దుఃఖంతో మరొకరి దుఃఖాన్ని తూచితే, తక్కువ తూగిన పిల్ల నోరు మూసుకుంటుంది. ఆమె తండ్రి గురించి మాట్లాడాలనుకుంటే వినేవారు ఒకరు ఉండాలి, అంతే.

సమాధానం: రేడియో శ్రోత, చేబ్రోలు, గుంటూరు జిల్లా

యూదులు మనకు ఎక్కడివాళ్లో అని పిల్లలు అనుకోకుండా రెండు సంగతులు చెప్పవచ్చు. మా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదుల సమాజం ఉంది, వాళ్లకు ప్రార్థనా మందిరం కూడా ఉంది. వాళ్లు ఐరోపా నుంచి వచ్చినవాళ్లు కారు, మన భాష మాట్లాడే మన ఊరివాళ్లు. రెండోది, ఆకాశవాణి విజయవాడ కేంద్రం పొద్దున్నే మొదలయ్యేటప్పుడు వినిపించే ఆ వాయులీన స్వరం. దాన్ని కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అనే చెక్ యూదు సంగీతకారుడు. హిట్లర్ వచ్చిన మరుసటి ఏడాది, 1934లో, ఆయన బొంబాయి చేరి తర్వాత రేడియోలో పనిచేశాడు. మా అమ్మానాన్నలు ఆ స్వరంతోనే నిద్ర లేచేవారు, దాని వెనక ఒక శరణార్థి ఉన్నాడని వాళ్లకు తెలియదు.

మళ్లీ ప్రశ్న: సోషల్ టీచరు, సత్యనారాయణపురం

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు రాత్రి కూర్చుని నోటు పుస్తకంలో రాసుకున్నాను. తరగతిలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. వాళ్లు చంపినవాళ్లను క్షమించారా? క్షమించకపోతే ప్రశాంతంగా బతకడం సాధ్యమేనా? మా పిల్లల్లో క్రైస్తవులు, హిందువులు, ముస్లింలు అందరూ ఉన్నారు, ఎవరి ఇంట్లో నేర్చుకున్నది వారు చెబుతారు. నేనేమని చెప్పాలి?

సమాధానం: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు

వాళ్లందరి తరఫునా ఒకే జవాబు ఇవ్వకండి. వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఒకే ఊళ్లో పుట్టిన ఇద్దరిని తీసుకోండి. ఫ్రాంక్ల్ ఒక జాతి మొత్తాన్ని దోషిగా నిలబెట్టడానికి ఒప్పుకోలేదు, వియన్నాకే తిరిగి వెళ్లి అక్కడే పనిచేశాడు. అదే వియన్నాలో 1912లో పుట్టిన జాఁ అమెరీ, బెల్జియంలో నాజీల చిత్రహింసలకు గురై, ఆ తర్వాత ఆష్విట్జ్‌లో పడి బయటపడినవాడు. తన ఆగ్రహాన్ని వదులుకోనని, కాలం గడిచింది కాబట్టి మరిచిపొమ్మనడం అనైతికమని ఆయన వాదించాడు. 1978లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. అది విని, క్షమించి ఉంటే బతికేవాడని పిల్లలు చటుక్కున తేల్చేస్తారు, అక్కడ వాళ్లను ఆపండి. ఆయన వాదానికి విలువ ఉంది, ఎందుకంటే నేరం చేసిన సమాజం తన నేరాన్ని మరిచిపోవడానికి తొందరపడుతున్న రోజుల్లో బాధితుడి ఆగ్రహమే దాన్ని గుర్తు చేస్తూ వచ్చింది. అసలు, చనిపోయినవారి తరఫున క్షమించే హక్కు బతికున్నవారికి లేదని యూదు సంప్రదాయంలో గట్టి అభిప్రాయం ఉంది.

పిల్లలకు ఒకే మనిషి కథ చెప్పాలంటే నేనైతే బెన్ హెల్ఫ్‌గాట్ కథ చెబుతాను, ఎందుకంటే అది వాళ్ల ఈడు పిల్లవాడి కథ. పోలండ్‌లో 1929లో పుట్టి, ప్యోత్రికుఫ్ పట్టణంలో పెరిగాడు. 1942లో తల్లినీ చిన్న చెల్లెలినీ కాల్చి చంపారు. యుద్ధం కొద్ది రోజుల్లో ముగుస్తుందనగా తండ్రి కూడా హతమయ్యాడు. తెరెజిన్ శిబిరంలో విడుదలైన కొత్తలో యూదు అమ్మాయిలు ఒక జర్మన్ స్త్రీని కొడుతుంటే అడ్డుపడ్డానని ఆయన చెప్పాడు. తనవాళ్ల కోసం వెతుకుతూ పోలండ్ వెళితే, యూనిఫాం వేసుకున్న పోలిష్ మనుషులే అతన్ని చంపబోయి వదిలేశారు. 1945 ఆగస్టులో బ్రిటన్ విమానాల్లో తెచ్చిన సుమారు 300 మంది అనాథ పిల్లలతో పాటు విండర్‌మియర్ సరస్సు ఒడ్డుకు చేరాడు. అక్కడ మొదటి రోజుల్లో ఆ పిల్లలు బల్ల మీద పెట్టిన రొట్టె నంతటినీ చొక్కాల్లో కుక్కుకుని పోయి పరుపుల కింద దాచుకునేవారు. పెంచేవారు తిట్టలేదు, రొట్టె పెడుతూనే ఉన్నారు. రేపు కూడా అన్నం ఉంటుందని నమ్మకం కుదిరాక దాచడం మానేశారు.

బెన్ బరువులెత్తడం నేర్చుకుని 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున పోటీపడ్డాడు. కరణం మల్లీశ్వరి రాష్ట్రపు పిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ అంటే ఎంత శ్రమో వేరే చెప్పాలా? తనతో వచ్చిన అనాథలంతా ఒకరికొకరు అండగా ఉండటానికి 1963లో ఒక సంఘం పెట్టాడు. జబ్బు చేసినవారిని చూసుకోవడం, పెళ్లిళ్లకు పెద్దలుగా నిలబడటం, డబ్బు కూడబెట్టి ఇతర దేశాల బాధితులకు పంపడం ఆ సంఘం పనులు. అమ్మానాన్నలు లేనివాళ్లు ఒకరి ఇంట్లో శుభకార్యానికి మరొకరు మేనమామలూ మేనత్తలూ అయ్యారు. ఆయన పోలండ్‌కు మళ్లీ మళ్లీ వెళ్లి, తన ఊరివాళ్లతోనే కలిసి పనిచేశాడు.  అంత పోగొట్టుకున్న మనిషే ఇదంతా చేశాడని చెప్పి, మిగిలినది పిల్లల్నే మాట్లాడనివ్వండి.